ఒక నూలు తక్కువ

పోయిన రెండు వారాలు ఏమీ రాయలేదేమని కొందరు ఫోను చేసి అడిగారు. మా ఆరోగ్యాలు బాగానే ఉన్నాయి. ఒక ట్రాక్టరు ఫిల్టరు వెంట తిరిగాం. ఆ సంగతే ఈ వారం రాస్తున్నాం. అందులో మా తప్పు ఉంది కాబట్టి, రాయడానికి కూర్చున్నా నాలుగు రోజులు కలం సాగలేదు.

మన సంఘంలో ఒక అక్క ఉంది. పేరు రాయొద్దంది. భర్త పోయి ఆరేళ్లు. ఆయన వదిలిపోయినవి మూడెకరాల నల్లరేగడి, ఒక పాత హెచ్‌ఎంటీ ట్రాక్టరు, దాని మీద కొంత అప్పు. కొడుకు చదువు ఆపి ట్రాక్టరు ఎక్కాడు. మృగశిర కార్తెలో రెండు వానలు పడ్డాయంటే దున్నడానికీ, కంది విత్తడానికీ చుట్టుపక్కల రైతులు ఆ అబ్బాయినే పిలుస్తారు. ఆ నెల నెలన్నర కిరాయితోనే ఆ ఇల్లు ఏడాదంతా గడవాలి.

హెచ్‌ఎంటీ అంటే మనలో చాలామందికి గడియారమే గుర్తుకొస్తుంది, పెళ్లిలో అల్లుడికి పెట్టిన గడియారం. ఆ సంస్థే 1971 నుంచి హర్యానాలోని పింజోరులో ట్రాక్టర్లు కూడా చేసింది. పరిజ్ఞానం అప్పటి చెకోస్లొవేకియాలోని జెటర్ కంపెనీది. మొదటి బండి ఇరవై అయిదు హార్స్‌పవరుది. గట్టి ఇంజన్లని మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. కానీ 2016 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి ఒప్పుకుంది. మన వికారాబాద్ జిల్లా ఏర్పడింది కూడా ఆ నెలలోనే, 11వ తేదీన. మనకు కొత్త జిల్లా వచ్చిన నెలలోనే ఆ బండికి పుట్టిల్లు లేకుండా పోయింది. పుట్టింటి దిక్కు లేని కోడలికి ఒంట్లో బాగాలేకపోతే ఇరుగుపొరుగే చూసుకోవాలి. ఆ బండి పరిస్థితీ అంతే.

సీజను ముందు ఇంజనాయిలూ, ఆయిల్ ఫిల్టరూ మార్చాలని అబ్బాయి అనుకున్నాడు. మేము మీటింగు పని మీద వికారాబాద్ పోతున్నాం. "మేము తెస్తాంలే, నీకు ఒక రోజు పని పోవడం ఎందుకు" అన్నాం. మంచి మాటే. అబ్బాయి పాత ఫిల్టరును గుడ్డలో చుట్టి తెచ్చాడు, నమూనాకు చూపించమని. అది నూనె ఓడుతూ ఉంది. మా సంచిలో బైబిలు ఉంది, మీటింగు కాగితాలు ఉన్నాయి. అంటుకుంటుందని వద్దన్నాం. "బండి పేరు చెబితే ఇస్తారులే" అన్నాం.

వికారాబాద్‌లో మూడు నాలుగు దుకాణాలు తిరిగాం. గోడ నిండా ఫిల్టర్లే. మహీంద్రావి, స్వరాజ్‌వి, మాస్సీవి, జాన్ డీర్‌వి. హెచ్‌ఎంటీ అనగానే ఒకాయన నవ్వి చెయ్యి మణికట్టు చూపించాడు. ఇంకొక చోట లోపలికి పోయి, దుమ్ము పట్టిన డబ్బా తెచ్చి, "గిది పడ్తది సారూ" అన్నారు. ఎండ ఎక్కువగా ఉంది. బస్సుకు టైమయింది. తీసుకున్నాం.

అబ్బాయి దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. "జర పొట్టిగ ఉన్నట్టుంది అయ్యగారూ" అన్నాడు.

అప్పుడు మేమన్న మాట ఇది: "దేవుని మీద భారం వేసి బిగించు నాయనా."

ఈ మాట మేము ఇంతకు ముందు ఎన్ని ఇళ్లలో, ఎన్ని ఆసుపత్రి మంచాల దగ్గర అని ఉంటామో లెక్క లేదు. ఆ రోజు మాత్రం భారం వేసింది దేవుని మీద కాదు. మా బద్ధకాన్ని ఆయన పేరు కింద దాచాం. పాస్టరు చెప్పాక పిల్లవాడు ఏమంటాడు? బిగించాడు.

ట్రాక్టరు లేనివాళ్ల కోసం ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. ఇప్పటి బండ్లలో చాలావాటికి ఫిల్టరు ఒక మూసిన డబ్బాలా ఉంటుంది. తిప్పి బిగిస్తే అయిపోతుంది. సరిపోకపోతే నూనె కారి వెంటనే బయటపడుతుంది. ఈ అక్క వాళ్ల బండిలో అలా కాదు. ఇనుప గిన్నెలాంటిది ఉంటుంది. దానిలో మడతలు మడతలుగా ఉన్న కాగితం ఫిల్టరు కూర్చుంటుంది. నూనె గిన్నెలోకి వచ్చి, కాగితం బయటి నుంచి లోపలికి ఊరి, అక్కడి నుంచి ఇంజను బేరింగులకు పోవాలి. ఫిల్టరు పైనా కిందా వాషర్లు గట్టిగా ఒత్తుకుని ఉంటేనే నూనెకు కాగితంలోంచి తప్ప వేరే దారి ఉండదు. కొంచెం పొట్టిదైతే? గిన్నె మూత బాగానే పడుతుంది. బోల్టు బాగానే బిగుస్తుంది. బయట ఒక్క చుక్క కారదు. లోపల మాత్రం నూనె కాగితం జోలికి పోకుండా ఆ సందులోంచి జారిపోతుంది. చప్పుడు ఉండదు. బండి దున్నుతూనే ఉంటుంది.

పన్నెండు రోజులు దున్నింది.

పదమూడో రోజు ఇంజను వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ముల్లు కిందికి పడటం అబ్బాయి చూశాడు. వెంటనే ఆపాడు. ఈ మొత్తం కథలో తెలివిగా చేసిన పని ఆ ఒక్కటే, అది ఇరవై రెండేళ్ల పిల్లవాడు చేశాడు. ఊళ్లో చూసినవాళ్లు, "ఇంజను బోరుకొచ్చింది, యాభై వేలకు తక్కువ కాదు" అన్నారు.

మాకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం అక్క ఒక్కతే ఆరాధనకు వచ్చింది. ప్రార్థన మనవులు అడిగినప్పుడు "బండి కోసం" అని రెండు మాటలు అని కూర్చుంది. మందిరం గుమ్మం దగ్గర చేతులు కలుపుతున్నప్పుడు చూస్తే ఆమె చెవులకు కమ్మలు లేవు. అడిగితే మాట మార్చింది. వాళ్ల అబ్బాయిని అడిగితే అప్పుడు తెలిసింది. పాస్టరు తెచ్చిన ఫిల్టరు వల్ల ఇలా అయిందేమోనని ఆ తల్లీకొడుకులు అనుకున్నారు గానీ, ఆ మాట మా చెవిన పడకూడదని మాట్లాడుకున్నారట. మమ్మల్ని బాధ పెట్టకూడదని.

ఆ మధ్యాహ్నం మాకు అన్నం దిగలేదు.

ఇలాంటి పాత ఇంజన్ల సంగతి తెలిసిన మనిషి ఎవరో మాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు. మన సంఘంలో పుట్టి పెరిగిన తమ్ముడే, తాండూరులో బండల పాలిష్ యూనిట్ల దగ్గర షెడ్డు పెట్టుకున్నాడు. నాపరాళ్లు మోసే పాత ట్రాక్టర్లన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. వికారాబాద్‌లో దుకాణాలు తిరిగే ముందు ఆయనకు ఒక ఫోను చేసి ఉంటే సరిపోయేది. చేయలేదు. ఎందుకంటే రెండేళ్ల కిందట ఆయన మందిరంలో ప్రసంగం మధ్యలో లేచి వెళ్లిపోయాడు. వెళ్లిపోయేలా చేసింది మేమే.

అప్పటి సంగతి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అదీ విత్తనాల కాలమే. ఒక రైతు బండి చెడిపోయి, ఆదివారం పొద్దున్నే ఏడుస్తూ ఆయన ఇంటికి వచ్చాడు. ఈయన ఆరాధన మాని బండి విప్పాడు. తరువాతి ఆదివారం విశ్రాంతి దినం గురించి ప్రసంగం చెప్పాం. పేరు చెప్పలేదు. పేరు చెప్పకుండా అందరికీ తెలిసేలా చెప్పడం ఎలాగో ప్రసంగాలు చేసేవాళ్లందరికీ వచ్చు. చేతులకు గ్రీజు అంటిన సంగతి కూడా ఎత్తాం. ఆయన లేచి పోయాడు. ఆ తరువాత ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో తప్పిపోయిన గొర్రె కోసమని ఆయన పేరెత్తి ప్రార్థన చేస్తూ వచ్చాం.

ఇక్కడ ఒక మాట పక్కకు. ఈ ట్రాక్టరుకు మూలమైన జెటర్ కంపెనీ ఊరు బ్రనో. అది మొరేవియా ప్రాంతం. మొరేవియా అన్న పేరు మెథడిస్టులకు కొత్త కాదు. అక్కడి నుంచి విశ్వాసం కోసం పారిపోయిన కుటుంబాలు 1722 నుంచి జర్మనీలో జిన్జెండార్ఫ్ ప్రభువు జాగాలో హెర్న్‌హుట్ అనే పల్లె కట్టుకున్నాయి. కట్టుకున్నాక ఒకరితో ఒకరు కొట్లాడుకున్నారు. 1727 ఆగస్టు 13న బెర్తెల్స్‌డార్ఫ్ గుడిలో ప్రభువు బల్ల దగ్గర ఆ గొడవలన్నీ కరిగిపోయాయి. తరువాత 1736లో అమెరికాకు పోతున్న ఓడ తుఫానులో చిక్కుకున్నప్పుడు భయపడకుండా పాటలు పాడింది ఆ మొరేవియన్లే. వాళ్లను చూసి జాన్ వెస్లీ తన విశ్వాసం ఎంతటిదో తెలుసుకున్నాడు. నవంబరులో ధారూరు జాతర దగ్గరపడినప్పుడల్లా ఈ కథ చెబుతుంటాం. తేదీలతో సహా నోటికి వస్తుంది. ఆ పల్లె మనకు సముద్రాల అవతల ఉంది. తాండూరు బండి మీద గంట దారి. రెండేళ్లుగా పోలేదు.

ఆదివారం సాయంత్రమే బయలుదేరాం, ఇద్దరం. ఈసారి ఆ ఫిల్టరును పేపరులో చుట్టి అదే సంచిలో పెట్టుకున్నాం. దారిలో నూనె ఊరి సంచి అడుగున మచ్చ పడింది. ఇప్పటికీ పోలేదు.

ఆ షెడ్డు దగ్గర దేని మీద చెయ్యి పెట్టినా బండల పొడి. తెల్లగా, మెత్తగా, పౌడరులా. ఆయన మమ్మల్ని చూసి, "వందనాలు అయ్యగారూ, వందనాలమ్మా" అని స్టూలు తుడిచి వేశాడు. పిల్లవాణ్ణి పంపి చాయ్ తెప్పించాడు. ఎందుకు వచ్చారని అడగలేదు. మేము ఫిల్టరు తీసి చేతిలో పెట్టాం.

ఆయన బండి చూడలేదు, ఫిల్టరునే చూశాడు. కాగితం నల్లగా తడిసి ఉంది కాబట్టి బాగానే పని చేసినట్టు మాకు అనిపించింది. ఆయన రెండు వేళ్లతో మడతలు విప్పి వెలుతురుకు పట్టాడు. "ఇండ్ల ఏం చిక్కలేదు చూడుండ్రి. పన్నెండు దినాలు దున్నిన బండి. మడతల్ల మురికి ఉండాలె. ఇది మురికిల మునిగింది గని మురికిని పట్టలేదు." తరువాత పైనున్న వాషరు చూపించాడు. గట్టిగా ఒత్తుకుని ఉంటే గుండ్రంగా అచ్చు పడాలి. అచ్చు లేదు. టేపు పెట్టి కొలిచి, తన దగ్గరున్న పాతదానితో పోల్చి, "ఒక నూలు తక్కువ" అన్నాడు.

వడ్రంగం తెలియని పిల్లల కోసం: అంగుళంలో ఎనిమిదో వంతు ఒక నూలు.

మేము అడిగాం, నూనె వడకట్టకుండా పోతుంటే ఇంజను ఆగిపోవాలి కదా అని. ఆయన చెప్పింది మాకు కొత్త. ఫిల్టరు దగ్గర ఒక చిన్న వాల్వు ఉంటుందట. చలికాలం పొద్దున నూనె చిక్కబడినా, ఫిల్టరు పూర్తిగా మూసుకుపోయినా ఆ వాల్వు తెరుచుకుని నూనెను వడకట్టకుండానే పంపిస్తుంది. ఇంజను చేసినవాళ్లే కావాలని పెట్టారు. మురికి నూనెతో ఇంజను కొన్నాళ్లు నడుస్తుంది. నూనే లేకపోతే నిమిషాల్లో పట్టేస్తుంది. "అది ఆపదకు పెట్టింది అయ్యగారూ. దాని మీదనే సీజనంత నడిపిద్దామంటే ఎట్ల?" అన్నాడు.

ఆ మాట ఆయన ఇంజను గురించే అన్నాడు. మాకు మాత్రం రెండేళ్ల శుక్రవారాలు గుర్తొచ్చాయి. ఆరాధనలు జరిగాయి, బాప్తిస్మాలు జరిగాయి, ప్రభువు బల్ల ఇచ్చాం. ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. అర్పణ బలిపీఠం దగ్గర ఉంచి, ముందు పోయి సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పిన భాగం, మత్తయి 5:23, 24, ఆ రెండేళ్లలో వేరేవాళ్లకు రెండు సార్లైనా బోధించి ఉంటాం.

ఆయన స్పానర్లు సంచిలో వేసుకుంటూ, "ఈ రోజు ఆదివారం గద" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే అడిగినట్టు, పోదామా వద్దా అన్నట్టు.

అప్పుడు చెప్పాం. చాలా మాటలు అనుకుని పోయాం గానీ రెండు వాక్యాలే వచ్చాయి. నిన్ను అందరి ముందూ అవమానించాం, తప్పు మాది అని. ఆయన కాసేపు ఊరుకున్నాడు. "బండి విప్పినందుకు నన్ను అన్నరు, నాకు బాధ లేదు. మా అమ్మ అక్కడ్నే కూసుంది. అమ్మ తల దించుకుంది" అన్నాడు. క్షమించానని అనలేదు. "నడువుండ్రి, చీకటి పడ్తది" అన్నాడు.

ఆ రాత్రి ట్రాక్టరు కింద గోనె పరిచి, మేము టార్చి పట్టుకుంటే ఆయన అడుగు చాంబరు దింపాడు. దేవుని కృప, క్రాంకు చెడలేదు. బేరింగుల మీద మాత్రం గీతలు పడ్డాయి. అవి మార్చాలి. ఇంజను బోరు అక్కర్లేదు. ఫిల్టరు కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తెలిసినవాళ్లకు ఫోను చేసి, బండి పేరు చెప్పకుండా కొలతలే చెప్పాడు. ఎత్తు, పైన బెజ్జం ఎంత, కింద బెజ్జం ఎంత, బయటి చుట్టు ఎంత. వాట్సాప్‌లో ఫొటో పంపితే టేపు పక్కన పెట్టి తీయాలని అప్పుడే నేర్చుకున్నాం. ఆర్టీసీ కార్గోలో తాండూరుకు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజుల్లో కిరాయికి చెప్పుకున్న రైతుల్లో ఒకాయన ఆగాడు, ఇద్దరు వేరే బండి పెట్టుకున్నారు. వాళ్లను తప్పు పట్టలేం, నేల ఆరిపోతే విత్తనం మొలవదు.

కొత్త ఫిల్టరు బిగించి, కొత్త నూనె పోసి, గంట నడిపాక ఆయన మళ్లీ ఆపి గిన్నె విప్పాడు. నిజానికి విప్పాల్సిన పని లేదు, మాకు చూపించడానికే విప్పాడు. వాషరు మీద అచ్చు గుండ్రంగా, ఎక్కడా తెగకుండా పడి ఉంది. అబ్బాయి దాని మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

ఆ వచ్చిన ఆదివారం ప్రసంగానికి ముందు సంఘం ఎదుట ఒప్పుకున్నాం. అందరి ముందు చేసిన తప్పును తలుపు మూసి సరిచేస్తే సరిపోదు కదా. గుంటలో గాడిద గానీ ఎద్దు గానీ పడితే విశ్రాంతి దినమైనా వెంటనే పైకి తీయరా అని లూకా 14:5లో ప్రభువు అడిగిన ప్రశ్న ఆ రోజు మాకు గుర్తు లేదని చెప్పాం. మత్తయి 23:24 కూడా చదివాం. ఆ కాలంలో ద్రాక్షారసంలో అపవిత్రమైన చిన్న పురుగు ఉంటుందేమోనని బట్టతో వడకట్టుకుని తాగేవారు. అంత జాగ్రత్తగా దోమను తీసేసినవాళ్లు, అదీ అపవిత్రమే అయిన ఒంటెను మింగేస్తున్నారని ప్రభువు అన్నాడు. ఆదివారం విప్పిన బండిని మేము వడకట్టాం, ఒక తల్లి కొడుకును ఆమె కళ్ల ముందే సిగ్గుపరచింది మింగేశాం. ఆ తల్లి రెండో వరుసలో కూర్చుని ఉంది. ఆరాధన అయ్యాక మా దగ్గరికి వచ్చి ఏమీ అనలేదు. ఇంటి నుంచి తెచ్చిన కందిపప్పు పొట్లం పార్సనేజీ గుమ్మంలో పెట్టి పోయింది.

తమ్ముడు ఇంకా ఆరాధనకు రాలేదు. జాతరకు వస్తావా అని అడిగితే "చూద్దాం" అన్నాడు. మళ్లీ అడగం, వచ్చినప్పుడు వస్తాడు. తప్పిపోయిన గొర్రె అంటూ ఆయన పేరెత్తడం మానేశాం. అక్క కమ్మలు ఇంకా కుదువలోనే ఉన్నాయి. మొత్తం ఖర్చు మాదే అన్నాం, ఆమె ఒప్పుకోలేదు. బేరింగుల డబ్బు మాత్రం తీసుకుంది. కమ్మలు కందులు అమ్మాక విడిపించుకుంటుందట. వానల కోసం, ఆమె మూడెకరాల కోసం ప్రార్థించండి.

మన పల్లెల్లో పాత హెచ్‌ఎంటీ బండ్లు మాకు తెలిసి ఇంకా నాలుగైదు ఉన్నాయి. రాణిగంజ్ నుంచి మూడు ఫిల్టర్లు తెప్పించాం. ఒకటి బండికి పడింది. మిగతా రెండూ పార్సనేజీలో, ప్రభువు బల్ల సామాన్లు పెట్టే అలమారు కింది అరలో ఉన్నాయి. కావలసినవాళ్లు వచ్చి తీసుకోవచ్చు. వచ్చేటప్పుడు మీ బండిలోని పాత ఫిల్టరు చేత పట్టుకుని రండి. నూనె కారుతున్నా పరవాలేదు. పక్కన పెట్టి, టేపుతో కొలిచే ఇస్తాం.